బస్టాండు తెరపై ‘నా బొమ్మ’

పోయిన నెల రెండో సోమవారం ఉదయం తొమ్మిదింటికి మొదలైంది ఈ తలనొప్పి. నేను గీసిన బోధన్ చెరకు బండ్ల బొమ్మను నిజామాబాద్ బస్టాండు దగ్గరి డిజిటల్ తెరపై వారంపాటు చూపేందుకు అనుమతి పత్రం ఇచ్చాను. “నా బొమ్మను కత్తిరించకుండా వేయాలి” అని షరతు రాశాను. తెర నడిపేవాళ్లు ఆ పత్రానికి నేను అంటించిన నా ఫొటో వేసి, చుట్టూ పూలదండ పెట్టారు.

అది చూసిన మా ఆడబిడ్డ ఏడ్చుకుంటూ ఇంటికొచ్చి, నన్ను చూసి బిత్తరపోయింది.

“బతికే ఉన్నవా వదినా! మరి గా దండేంది?”

ఫోన్ చేసి దులిపితే తెర నడిపే ఆయన, “నా బొమ్మ అని మీరే రాసిండ్రు గదమ్మా” అన్నాడు.

“బొమ్మంటే నేను గీసిందయ్యా! నా మొకం ఎవలు జూస్తరు?”

“మస్తు మంది జూస్తుండ్రమ్మా!”

సాయంత్రం ఫొటో తీసేసి, మిగిలిన ఆరు రోజులు చీరల ప్రకటనకు ఇచ్చేశారు. పరామర్శకు పదకొండు మంది వచ్చారు. నా చెరకు బండ్లను ఒక్కరూ చూడలేదు.