ఆకుపచ్చ గేటు ఇల్లు, పగలు ఎవరూ ఉండరు

మొన్న మా ఇంటికి దొంగలను నేనే పిలిచాను. అడ్రసు ఇచ్చాను, టైము చెప్పాను, ఏ తాళంచెవి దేనికో కూడా వివరించాను. పిలిచింది కేబుల్ టీవీలో, బాన్సువాడ మొత్తం చూసేట్టు. మీరు నవ్వండి, పర్లేదు. ఆ మధ్యాహ్నం నాకు మాత్రం నవ్వు రాలేదు.

స్క్రోల్ అంటే డిక్షనరీలో కాగితపు చుట్ట అని ఉంటుంది. మా కాలేజీ కంప్యూటర్ సార్‌ని అడిగితే మౌస్ మీది చక్రం తిప్పడం అంటాడు. మా ఊళ్ళో స్క్రోలింగ్ అంటే మాత్రం ఒకటే, లోకల్ ఛానల్లో సినిమా కింద పరుగెత్తే అక్షరాలు. పుట్టినరోజులు, ట్యూషన్లు, తప్పిపోయిన బర్రె, ఎవరిదో పెద్దకర్మ, అన్నీ ఒకదాని తోక పట్టుకుని ఒకటి పోతుంటాయి. వస్తువేదైనా పోతే, కేబుల్ నడిపే సాయిలన్న ఊరికే వేస్తాడు.

ఆ రోజు కాలేజీకి చేరాక చూసుకుంటే సంచిలో తాళాల గుత్తి లేదు. ఇంటి తలుపుది, బీరువాది, బీరువా లోపలి లాకర్‌ది, మూడూ దానికే ఉన్నాయి. మామూలు రోజైతే ఇంత ఫికర్ పడేదాన్ని కాదు. ఆ లాకర్‌లో మా ఆడపడుచు నగలున్నాయి. వాళ్ళింటికి స్లాబు వేస్తున్నారని, "మీ ఇంట్ల అయితె పదిలం వదినా" అని అంతకుముందు వారమే తెచ్చి నా చేతుల్లో పెట్టింది.

కాలేజీ నుంచే సాయిలన్నకు ఫోన్ చేశాను.

"చెప్పుండ్రి మేడం, టైపు కొడుత" అన్నాడు.

నేను సివిక్స్ చెప్తాను. దరఖాస్తులో వివరాలు వదిలేసిన పిల్లలకు మార్కులు కోసేస్తాను. అందుకని నేను మాత్రం ఏదీ వదల్లేదు. "పోయినవి: ఎర్ర రిబ్బను కట్టిన తాళాల గుత్తి. ఇంటి తలుపు, బీరువా, లాకర్ తాళంచెవులు. దొరికినవారు నీళ్ళ ట్యాంకు వెనక ఆకుపచ్చ గేటు ఇంట్లో ఇవ్వగలరు. పగలు ఇంట్లో ఎవరూ ఉండరు. సాయంత్రం ఐదు తర్వాత రాగలరు."

"గింత పొడుగా మేడం?"

"ఒక్క మాట తీసినా అర్థం మారుతది సాయిలన్నా."

"మీ ఇష్టం. బిచ్కుంద తొవ్వల చెరుకు లారీ తగిలి వైరు తెగిందట, నేను అటు పోతున్న. ఇది దానంతటదే తిరుగుతుంటది."

నేను సగం రోజు సెలవు పెట్టి వచ్చేశాను. మా ఇంటి తలుపుకు ఇంకో తాళంచెవి పక్కింటి గంగామణక్క దగ్గర ఉంటుంది. అది తీసుకుని లోపలికి వెళ్ళి, చాయ్ పెట్టుకుని టీవీ ముందు కూర్చున్నాను. నా లైను వచ్చింది. ఒక్క తప్పు లేదు, చక్కగా ఉంది అనుకున్నాను. రెండోసారి వచ్చినప్పుడు ఎందుకో దాన్ని దొంగ చదివినట్టు చదివాను.

చాయ్ గ్లాసు కింద పెట్టి ఫోన్ అందుకున్నాను.

సాయిలన్న సెల్లు కలవలేదు, కేబుల్ ఆఫీసు ఫోన్ మోగుతూనే ఉంది. మద్నూర్‌లో గోదాం డ్యూటీలో ఉన్న మా ఆయనకు చేశాను. మొత్తం విన్నాడు.

"ఆకుపచ్చ గేటని గూడ చెప్పినవా?"

"చెప్పిన."

"నగల ముచ్చట రాయలే గద?"

"లాకర్ అని రాసిన."

"వస్తున్న" అని పెట్టేశాడు. ఆయన బస్సు దొరికి వచ్చేసరికి సాయంత్రం దాటుతుంది.

నగలు తీసి పక్కింట్లో పెడదామంటే బీరువా తెరవలేను. దానికి రెండో తాళంచెవి లేక కాదు. ఉంది, భద్రంగా లాకర్‌లోనే ఉంది.

గంగామణక్క వచ్చింది. "ఏంది చెల్లె, దొంగలకు దావత్ ఇచ్చినట్టున్నవ్?"

"పరాచికాలాడకు అక్కా, బీరువ గూడ తెరువొస్తలేదు."

"పోలీసులకు చెప్పరాదు?"

"ఏమని? దొంగ ఇంకా రాలేదు, నేనే పిలిచిన అనా?"

ఆమె కాసేపు కూర్చుని, పిల్లలు బడి నుంచి వస్తారని లేచింది. "భయమైతె కేకెయ్యి, ఉరికొస్త" అంది.

గేటు చప్పుడు వినపడాలని టీవీ ఆపేశాను. గడియ పెట్టి, తలుపుకు అడ్డంగా బల్ల జరిపి, పచ్చడి బండ చేతిలో పట్టుకుని నిలబడ్డాను. బయట ఒక ఆటో మెల్లగా పోయింది. మెల్లగా ఎందుకు పోవాలి? ఒక మోటార్‌సైకిల్ ఆగింది, మళ్ళీ కదిలింది. చూసి పోయాడా? ఆడపడుచు మొహం కళ్ళ ముందు తిరిగింది. దొంగకన్నా ఆ మొహానికే ఎక్కువ భయపడ్డాను.

అప్పుడు గేటు కిర్రుమంది. అడుగులు మెట్ల దాకా వచ్చాయి. తలుపు కొట్టలేదు, పిలవలేదు. తాళంలో చెవి దూరిన చప్పుడైంది. తిరగలేదు. గుత్తి గలగలలాడింది. ఇంకో చెవి దూరింది.

ఎవరని అరిచాననుకున్నాను, పెదవులే కదిలాయి. చేతికి పట్టిన చెమటకు బండ జారి నా కాలి మీద పడింది. అప్పుడు వచ్చింది కేక. బయట నుంచి అంతకన్నా పెద్ద కేక వినిపించింది.

"అమ్మో, ఇంట్ల మనుషులున్నరా?"

కిటికీలోంచి చూస్తే నెత్తికి రుమాలు చుట్టిన పెద్దాయన. చేతిలో తుప్పు పట్టిన తాళంచెవుల గుత్తి. మెట్ల మీద కూలబడి రొప్పుతున్నాడు.

"గంజ్ మార్కెట్ల దొరికినయి తల్లీ. హోటల్ల టీవీ చూసి, మీయేనేమోనని పెట్టి చూస్తున్న."

"పిలవొచ్చు గద పెద్దయ్యా."

"పగలు ఎవ్వరుండరని మీరే రాసిండ్రు. లేనోళ్ళను ఎట్ల పిలుస్త?"

ఆయనకు మంచినీళ్ళిచ్చి పంపాను. తర్వాత ఒకామె సూట్‌కేసు తాళంచెవి తెచ్చింది. ఒకాయన స్కూటర్‌ది తెచ్చాడు. గేటు చప్పుడైన ప్రతిసారీ నేను మళ్ళీ బండ అందుకున్నాను.

పొద్దు వాలుతుండగా సాయిలన్న వచ్చాడు. చేతిలో ఎర్ర రిబ్బను గుత్తి.

"మేడం, టీవీ చూస్తలేరా?"

"ఆపేసిన."

"పొద్దుగాల టీవీల బొమ్మ గెంతుతుందని కొట్లాడనీకి వచ్చిండ్రు గద, అప్పుడు మా ఆఫీసులనే పెట్టి మర్చిపోయిండ్రు. నాలుగు దాటినంక మా ఆమె ఆఫీసు ఊడ్వనీకి వచ్చి, పేపర్ కింద చూసి, ఎవరియో అని తాళాలు దొరికినయని ఇంకో స్క్రోలింగ్ ఏసి ఇంటికి పోయింది. తాళాలు పోయినయి, బర్రె పోయింది, తాళాలు దొరికినయి. గట్లనే తిరుగుతున్నయి. హోటల్ల అందరు నవ్వుతుంటె నేను గప్పుడు చూసిన."

ఊరంతా చదివింది. టీవీ ఆపుకుని బండ పట్టుకున్నదాన్ని నేనొక్కదాన్నే.

మర్నాడే నగలు ఆడపడుచుకు అప్పజెప్పి, తాళం మార్పించాను. అయినా రోజూ ఎవరో ఒకరు తాళంచెవి పట్టుకుని గేటు దగ్గర నిలబడుతున్నారు. విసుగొచ్చి, ఆదివారం మా ఆయనతో గేటుకు నీలం రంగు వేయించాను. సాయిలన్న అటుగా పోతూ బండి ఆపాడు.

"గేటు నీలం అయింది గద మేడం. స్క్రోలింగ్‌ల సరిజేయమంటరా?"

"అదింకా తిరుగుతుందా?"

"మీరు ఆపుమని చెప్పలే గద."

నిజమే. ఒక్క వివరం వదలని నేను, ఆ ఒక్కటీ వదిలేశాను.