ఊరంతా పాస్టర్ సందులోనే

ఎవర్ట్ స్తాంకు ఊళ్లో ఉన్నవేవీ కనబడవు. లేనివే కనబడతాయి.

ఓస్టర్‌వీర్ అనే ఆ రేవు ఊరు చూడవచ్చినవాళ్లకు దాని చరిత్ర చెప్పే పని ఆయనది. నాలుగు వందల ఏళ్లుగా చెక్కుచెదరని చర్చి గోపురం పక్కనుంచి తలైనా తిప్పకుండా నడిచిపోతాడు. సైకిళ్లు నిలిపే ఖాళీ స్థలం రాగానే మాత్రం ఠక్కున ఆగి, టోపీ తీసి, "ఆహా, ఏం ద్వారమండీ!" అంటాడు.

"ఎక్కడండీ ద్వారం?"

"పడగొట్టి నూట పదేళ్లయింది. కమాను కాస్త కిందికుంటది, పొడుగాటివాళ్లు తల జాగ్రత్త!"

పొడుగాటివాళ్లు నిజంగానే తలలు వంచి నడిచేవారు.

యాత్రికుల కార్యాలయంలో కూర్చునే నేల్చె ఇదంతా ముచ్చటగానే భరించేది. ఆమెదీ ఆ ఊరే. సముద్రానికి అడ్డుకట్ట వేసి ఉప్పునీళ్లను మంచినీళ్లు చేశాక హెర్రింగ్ చేపలు పోయాయి, వాటి వెంట పడవలు పోయాయి. ఉన్నదానికంటే పోయిందే ఎక్కువైన ఊరికి ఇంతకంటే తగిన మనిషి ఎవరు దొరుకుతారని ఆమె అనుకునేది.

ఆ ఏడు వసంతంలో చిక్కొచ్చిపడింది. పోయినవి కూడా పోయిన చోట ఉండటం మానేశాయి.

ముందుగా ఉట్రెక్ట్ నుంచి వచ్చిన మాస్టారొకాయన ఊరి పటం పట్టుకుని కార్యాలయంలోకి వచ్చాడు. "జున్ను తూచే భవనం రేవు పక్కన కదమ్మా ఉండేది? మీవాడు పాస్టర్ సందులో చూపించాడేంటి?" పై వారానికి చేపలకు పొగపెట్టే కొట్టం కూడా పాస్టర్ సందుకే వచ్చింది. ఆ పై వారం డెక్కర్‌వాళ్ల రొట్టెల బట్టీ. జూన్ వచ్చేసరికి ఊరి చరిత్ర అంతా మూడు బారల సందులో ఇరుక్కుని, ఒకదాని నెత్తిన ఒకటి కూర్చుంది.

అంతకుముందు నలభై ఏళ్లు ఎవర్ట్ ఆ ఊరికి పోస్ట్‌మాన్. నేల్చె ఒకరోజు ఆయన్ను నిలదీసింది.

"ఒక్క ఉత్తరం తప్పు గడపలో వెయ్యని మనిషివి. ఇప్పుడు భవనాలకి భవనాలే తప్పు వీధిలో వేస్తున్నావేంటి బాబాయ్?"

"ఉత్తరానికైతే చిరునామా ఉంటది," అన్నాడాయన, ఆమె పెట్టిన ఒకే ఒక బిస్కెట్టును కాఫీలో ముంచుతూ. "లేని కొంపకి చిరునామా ఎక్కడిదే?"

"నవ్వులాట కాదు. ఇంకొక్క ఫిర్యాదు వస్తే నిన్ను మాన్పించమని పురపాలక సంఘం వాళ్లు కాగితం పంపారు. నీ చొక్కాకున్న గైడు బిళ్ల నా చేత్తోనే తీసుకోవాలంట."

"ఆ కాగితం ఎక్కడికొచ్చింది?"

"ఇక్కడికే."

"తప్పుడు చిరునామా. చెత్తబుట్ట ఆ మూల ఉంది."

గురువారం ఇంకో ఫిర్యాదు రానే వచ్చింది. శనివారం నేల్చె గొడుగు మొహానికి అడ్డంగా పెట్టుకుని, యాత్రికుల గుంపు వెనక నడిచింది. ఇంత మంచి మనిషి దగ్గర బిళ్ల లాక్కోవడం ఎలాగా అని దారంతా కుములుతూనే ఉంది.

పాస్టర్ సందులో ఒక పక్క ఇటుక గోడ, రెండో పక్క వృద్ధుల ఆశ్రమం. సన్నగా వాన పడుతున్నా పై అంతస్తు కిటికీలన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. సందులోకి అడుగుపెట్టగానే ఎవర్ట్ గొంతు రెండింతలైంది.

"ఇదిగో, డెక్కర్‌వాళ్ల బట్టీ!" గోడకేసి చెయ్యి చాచాడు. "ఈ పచ్చ తలుపు తెరిస్తే చాలు, వీధి వీధంతా..."

"పచ్చా? నీ మొహం!" పైనుంచి ఓ ముసలి గొంతు ఖంగుమంది. "నీలం! మా ఆయన చేత్తో వేసిన రంగు!"

నేల్చె గొడుగు పక్కకు తీసింది. పై కిటికీ దగ్గర చక్రాల కుర్చీలో డెక్కరమ్మ. తల నున్నగా దువ్వుకుని, మెడకు ముత్యాల దండ వేసుకుని, పెళ్లికి తయారైనట్టుంది.

"తప్పయిపోయింది డెక్కరమ్మా." ఎవర్ట్ పుస్తకం తీసి రాసుకున్నాడు. "నీలం. కిటికీలో ఏం పెట్టేవారు?"

"సోంపు రొట్టె. చంటిబిడ్డ ఉన్నింటికి ఒకటి ఊరికే ఇచ్చేవాళ్లం. అదీ రాయి."

పక్క కిటికీలోంచి ఓ బోడితల బయటికొచ్చింది. "ఒరే ఎవర్టూ, ఆవిడ రొట్టెలు అయ్యేదెప్పుడు, నా కొట్టం దాకా వచ్చేదెప్పుడు?"

"వస్తన్నా కోర్నెలిస్! నీ పొగకి పాపం వీళ్ల కళ్లు మండుతున్నాయి, ఆగు!"

యాత్రికులు నవ్వారు. ఒకావిడ తల పైకెత్తి, "చేప ఎంత ఉండేది తాతా?" అని అడిగింది. కోర్నెలిస్ రెండు చేతులూ చాపాడు. ఇంకో కిటికీలోని ముసలాయన, "అది చేపా, పడవా?" అని ఎకసెక్కమాడాడు. పావుగంట సేపు కిందివాళ్లు అడగడం, పైవాళ్లు పోట్లాడుకుంటూ చెప్పడం. నేల్చెకు చిన్నప్పటి రేవు చప్పుడు చెవిన పడ్డట్టయింది.

గుంపు కదిలిపోయాక ఆమె ఎవర్ట్‌ను ఆపింది. "నాతో ముందే అనొచ్చుగా బాబాయ్?"

"ఏమనను? పైవాళ్లు అంత దూరం నడవలేరు. నాకైతే మొయ్యడం అలవాటు." ఆయన బిళ్ల విప్పి అరచేతిలో పెట్టుకున్నాడు. "దీనికోసమేగా వచ్చావు? తీసుకో."

నేల్చె ఆ బిళ్ల తీసుకుని, మళ్లీ ఆయన చొక్కాకే గుచ్చింది. "పటమే పాతబడిందని పురపాలక సంఘానికి నేను రాస్తాలే." గోడకేసి తిరిగింది. "మా హిల్లె అత్తని వచ్చే నెల ఇక్కడ చేరుస్తున్నాం. ఆవిడ కాలవ మీద ఎత్తుడు వంతెన కాసేది, గుర్తుందా? పడవ వస్తే నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని గొలుసు లాగించేది. కాలవ పూడ్చి రోడ్డు వేసినప్పటినుంచీ అత్త ఆ వైపు వెళ్లనే లేదు. నేనూ అంతే."

"వంతెనా?" ఎవర్ట్ సందు ఈ కొసనుంచి ఆ కొసదాకా చూశాడు. "కింద నీళ్లు కావాలి కదే."

"కావాలి."

"పడవ?"

"ఎర్ర తెరచాపది," అంది నేల్చె.

ఎవర్ట్ గెడ్డం గోక్కున్నాడు. గోడ వెంట అడుగులేసి కొలిచాడు. తర్వాత చేతులు నోటికి అడ్డం పెట్టుకుని పైకి కేకేశాడు.

"కోర్నెలిస్! నీ కొట్టం కాస్త అటు జరుపుకోవయ్యా, కాలవ వస్తోంది!"

బోడితల మళ్లీ బయటికొచ్చింది. "ఎంత వెడల్పు?"

ఎవర్ట్ నేల్చె వైపు చూశాడు. ఆమె గొడుగు కింద పడేసి, వానలో రెండు చేతులూ అందినంత మేరా చాపి చూపించింది.