జయరావు మాస్టారి ఐదు గంటల బండి

మా జయరావు మాస్టారు మంచివాడు, చదువుకున్నవాడు, పాఠంలో గానీ ప్రార్థనలో గానీ ఒక్క మాట తడబడనివాడు. ఆయనకున్న జబ్బు ఒక్కటే. సాయంత్రం నాలుగున్నర అయితే చాలు, ఎక్కడున్నా, ఎవరితో ఉన్నా, నోట్లో ముద్ద ఉన్నా సరే, లేచి వెళ్లి మోటారుసైకిలు ఎక్కాల్సిందే. ఎక్కి కాలువ కట్ట మీదుగా, చేల మధ్య డొంకలోంచి, సరిగ్గా ఐదింటికి మా మిరప చేను దాటి, చిలకలూరిపేట రోడ్డెక్కి, అక్కడ ఒక టీ తాగి వెనక్కి రావాల్సిందే. ఏడాదికి మూడువందల అరవై అయిదు రోజులూ ఇంతే. లీపు సంవత్సరం వస్తే ఇంకో రోజు అదనంగా వెళ్లాడు.

నేనెవరో కూడా చెప్పాలి. నా పేరు యలమందయ్య. పర్చూరు పక్కన ఐదెకరాల మిరప, రెండెకరాల పత్తి. జయరావూ నేనూ పదో తరగతి దాకా ఒకే బెంచీ. వాడు నాకు లెక్కలు చూపించేవాడు, నేను వాడికి జామకాయలు పెట్టేవాణ్ణి. వాడు ఎలిమెంటరీ స్కూలు హెడ్మాస్టరయ్యాడు, నేను ఇప్పటికీ లెక్కల్లో వీకు. అందుకని ఊరందరికీ ఆయన మాస్టారు, నాకు మాత్రం వాడు.

నాలుగేళ్ల కిందట, నలభై ఎనిమిదో ఏట, ఉన్న చిన్న బండి అమ్మేసి మూడువందల యాభై సీసీ క్రూయిజరొకటి కొన్నాడు. పండు మిరపకాయ రంగు. చర్చి దగ్గర నిలబెడితే పెళ్లికూతురు దిగినట్టు జనం మూగారు. మా దేశంలో కొత్త బండి చూడగానే అడిగే మొదటి ప్రశ్న నేనే అడిగాను.

"మైలేజీ ఎంతిస్తుందిరా?"

"మైలేజీ సంగతి తర్వాత. సంతోషం ఎంతిస్తుందో అడుగు."

"సరే, లీటరుకి ఎంత సంతోషం?"

వాడు నవ్వలేదు. పిల్లలకి ఎక్కాలు చెప్పినంత శ్రద్ధగా చెప్పడం మొదలుపెట్టాడు. "సీటు చూడు, ఎంత కిందకుందో. రెండు కాళ్లూ నేల మీద ఆనతాయి. ఎవరికీ వంగక్కర్లా, నడుం నిటారుగా పెట్టి కూర్చోవచ్చు. కాళ్లు ముందుకు చాపుకోవచ్చు, పడక్కుర్చీలో లాగా. ఇక ఈ సౌండు విను. డుగ్, డుగ్, డుగ్. తొందర లేదు దానికి. లోకంలో తొందర లేంది ఇదొక్కటేరా."

"దీని మీద ఎంత స్పీడు పోతావు?"

"ముప్పై."

"నూట ఇరవై పోయే బండి మీద ముప్పయ్యా?"

"గుర్రం కొన్నామని రోజూ పందేనికి తీసుకుపోతామా?"

ముప్పై అంటే ముప్పయ్యే. మిరప బస్తాల ట్రాక్టరు వాణ్ణి దాటిపోయేది. ఎరువుల ఆటో దాటిపోయేది. ఒకసారి సైకిలు మీద పాల క్యాన్లతో పోతున్న అలీ సాహెబ్, "మాస్టారూ, కాస్త పక్కకి" అని అడిగి మరీ దాటాడు. మెకానిక్కు అన్వర్ అయితే ఏడవలేక నవ్వేవాడు. "బండ్లన్నీ స్పీడు కోసం నా దగ్గరికొస్తయ్యండి. ఈయనొక్కడే సౌండు సరిగ్గా ఉందా అని చూపించుకుంటాడు, గుండె డాక్టరుకి చూపించుకున్నట్టు."

ఆ నాలుగున్నర జబ్బు ఎంత ముదిరిందంటే, ఓసారి దవడ పన్ను పీకించుకోవడానికి నన్ను తోడు తీసుకుని పేట వెళ్లాడు. పళ్ల డాక్టరు మత్తు సూది వేసి పది నిమిషాలు కూర్చోమన్నాడు. వీడు గోడ గడియారం చూశాడు.

"డాక్టరుగారూ, పన్ను ఎక్కడికీ పోదు. రేపొస్తా."

నేను వెనక సీట్లో ఎక్కేలోపే బండి కదిలింది, నేను బస్సులో వచ్చాను. మూతి సగం వంకరపోయి, డొంకలో వెళ్తున్నంతసేపూ వాడు నవ్వుతున్నట్టే ఉన్నాడట. మర్నాడు మా చేలో కోతకొచ్చిన ముఠా మేస్త్రి రెబ్కా, "నిన్న మాస్టారు మమ్మల్ని చూసి ఎంత ప్రేమగా నవ్వాడో" అని మురిసిపోయింది. అలా మూడు రోజులు మూడు సూదులు పొడిపించుకుని, నాలుగో రోజు డాక్టరే విసిగి పొద్దున తొమ్మిదింటికి రమ్మని పీకాడు.

చర్చిలో ఓసారి మధ్యాహ్నం ప్రార్థన కూడిక నాలుగూ ఇరవై ఎనిమిది దాకా సాగింది. ముగింపు ప్రార్థన వీడిది. లేచి నిలబడి కళ్లు మూసుకుని, "ప్రభువా, మా అవసరాలన్నీ నీకు తెలుసు. మళ్లీ చెప్పడం దేనికి. ఆమేన్" అన్నాడు. జనం కళ్లు తెరిచేసరికి బయట డుగ్ డుగ్ వినబడుతోంది. ఇంత విశ్వాసంతో చేసిన ప్రార్థన తానెన్నడూ వినలేదని పాస్టరు శ్యామ్ సుందర్ గారు అన్నారు.

జ్వరం వచ్చినా ఆగలేదు. వాడి భార్య లిడియా కూడా వెనక ఎక్కి, ఇద్దరికీ కలిపి ఒకటే దుప్పటి చుట్టి, వాడి నోట్లో థర్మామీటరు పెట్టి తీసుకెళ్లింది. డొంకలో దాన్ని తీసి చూసి, "నూట రెండు" అంది. వాడు మీటరు కేసి చూసుకుని, "అబద్ధం, ముప్పై దాటలా" అన్నాడట. ఆ సంగతి చెప్పి లిడియా, "మా పెళ్లి నాటికి ఈ బండి లేదు కాబట్టి సరిపోయిందన్నయ్యా. ఉంటే ఉంగరం నేనే తొడుక్కునేదాన్ని" అంది.

ఇదంతా ఎందుకురా అంటే వాడి దగ్గర ఒకటే జవాబు. "ఇంజను రోజూ ఒక టైముకి వేడెక్కాలిరా. లేకపోతే అలుగుద్ది."

ఇక్కడ నా సంగతి కాస్త చెప్పుకోవాలి, సిగ్గయినా తప్పదు. నేను చెడ్డవాణ్ణి కాదు, కాస్త జాగ్రత్తపరుణ్ణి. కూలీల పని పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఐదు దాకా. అందరికీ టైము తెలియాలని చేలో మోటారు షెడ్డు గోడకి పెద్ద గడియారం తగిలించాను. తగిలించేటప్పుడు దాని ముళ్లు అరగంట వెనక్కి తిరిగాయి. వాటంతట అవి తిరగలేదు, నేనే తిప్పాను.

కానీ ఏం లాభం? సాయంత్రం పూట నేను ఊరి పక్క కల్లంలో ఎండబోసిన కాయ దగ్గర ఉంటాను. చేను అక్కడికి కిలోమీటరు. కల్లం సర్దుకుని చేలోకి వెళ్లేసరికి గడియారం నాలుగూ ముప్పై అయిదు చూపిస్తుంటుంది, చేలో మాత్రం పిట్ట కూడా ఉండదు. ఎన్నిసార్లు వెళ్లినా ఇంతే.

"ఏమ్మా రెబ్కా, గడియారం చూడలేదా?" అని అడిగితే, "చూశామండి. పాపం, పెద్దదైపోయింది, నడవలేకపోతంది" అనేది.

"మరి ఐదయిందని మీకెవరు చెప్పారు?"

"పొద్దు చెప్పిందండి."

పొద్దు ముళ్లు నా చేతికి అందేవి కావు.

ఈ ఏడు ఫిబ్రవరి చివర, రెండో కోతలో ఉండగా మబ్బు పట్టింది. రేపు వాన తప్పదని టీవీలో చెప్పారు. చెట్టు మీద ఎకరం పండు కాయ ఉంది. దాని మీద వాన పడితే కాయ రంగు చచ్చి తెల్లబడుతుంది, తాలు కాయ అంటాం. మిర్చి యార్డులో దాన్ని చూసి ముఖం తిప్పుకుంటారు. ఆ రోజు పద్నాలుగు మంది ఆడవాళ్లు చేలో ఉన్నారు. ఒక్క గంట ఎక్కువ చేస్తే ఎకరం గట్టెక్కుతుంది. గంట అడిగితే గంట కూలి అడుగుతారు. అందుకని ఆ పొద్దున వెళ్లి గడియారాన్ని ఇంకో అరగంట వెనక్కి తిప్పి వచ్చాను. ఈసారి పొద్దు కూడా మబ్బు చాటునే ఉంది కదా అని నా ధైర్యం.

నాలుగున్నర దాటగానే కల్లం ముందు డుగ్ డుగ్ వినబడి, టప్పుమని ఆగింది. బండి చైను తెగింది. అన్వర్ వచ్చి చూసి, "రేపు పేట నుంచి కొత్తది తేవాలి మాస్టారూ" అన్నాడు.

జయరావు ముఖం తెల్లబోయింది. వాళ్లమ్మ పోయిన రోజున కూడా వాణ్ణి అంత కంగారుగా చూడలేదు.

"ఇంజను ఆడుద్దా?"

"ఇంజనుకేం, రాయి. చక్రమే తిరగదు."

వాడు చుట్టూ చూశాడు. కోసిన కాయ బస్తాలు తేవడానికి నేను ఎడ్లబండి కట్టి సిద్ధంగా ఉన్నాను. డీజిలు దండగని నేనింకా ఎడ్లనే వాడతాను.

"నీ బండి చేలోకేగా పోయేది?"

"అవును."

"దీన్ని ఎక్కించు."

"ఒరేయ్, నీకు మతి పోయిందా? ఒక్కరోజు మానేస్తే ఏమవుద్ది?"

"యలమందా, నీ కాళ్లు పట్టుకుంటా. ఈ ఒక్కరోజుకి ఎక్కించు."

కాళ్లదాకా వచ్చాక ఏం చేస్తాం. తిరుగు ప్రయాణంలో బస్తాలు ఎత్తాలని ఒప్పందం చేసుకుని సరేనన్నాను. కల్లంలో ఉన్నవాళ్లతో కలిపి ఆరుగురం పలకల మీదుగా ఆ రెండు క్వింటాళ్ల పెళ్లికూతుర్ని ఎడ్లబండి మీదికి ఎక్కించి తాళ్లతో కట్టాం. వాడు దాని మీద నిటారుగా కూర్చుని, హెల్మెట్ పెట్టుకుని, సెల్ఫ్ నొక్కాడు.

డుగ్, డుగ్, డుగ్.

మా ఎడ్లు పదేళ్లుగా నడక తప్ప ఎరగవు. వెనక నుంచి ఆ మోత వినబడగానే తోకలు లేపి పరుగందుకున్నాయి. ఎంత పరిగెత్తినా మోత వెంటే వస్తోంది, ఎంత వస్తే అవి అంత పరిగెడుతున్నాయి. నేను పగ్గాలు పట్టుకుని వేలాడుతున్నాను. అన్వర్ బండి పట్టుకుని వెనక పరిగెడుతున్నాడు. మాస్టారు మాత్రం రెండు చేతులూ హ్యాండిల్ మీద ఉంచి, మలుపు వచ్చినప్పుడల్లా ఇండికేటర్ వేస్తున్నాడు. ఎదురుగా వస్తున్న అలీ సాహెబ్ సైకిలు దిగి గట్టెక్కి, "మాస్టారు ఇవాళ ముప్పై దాటేశాడు" అని కేకేశాడు.

అలా సరిగ్గా ఐదింటికి మా చేను దగ్గరికి చేరాం. అక్కడ నేను కళ్లారా చూశాను. డుగ్ డుగ్ డొంకలోకి రాగానే, మిరప చెట్ల మధ్య వంగి ఉన్న పద్నాలుగు నడుములూ ఒక్కసారి లేచాయి. ఎవరూ గడియారం వంక చూడలేదు, పొద్దు వంక చూడలేదు. గోతాలు విదిలించుకుని, క్యారేజీ సంచులు తీసుకుని, గట్టెక్కారు. ఎక్కాక నన్ను చూశారు. ఎడ్లబండి మీద, పగ్గాలు పట్టుకుని, వాళ్ల ఇంటి గంటని మోసుకొచ్చిన నన్ను.

ఇంజను ఇంకా కొట్టుకుంటూనే ఉంది.

"ఆపరా దాన్ని" అన్నాను. ఆపాడు. "నాలుగేళ్ల నుంచి ఇందుకా తిరుగుతున్నావు?"

జయరావు హెల్మెట్ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. గొంతు తగ్గించి, నాకొక్కడికే వినబడేలా చెప్పాడు. "టైము అందరికీ తెలుసురా. ఫోన్లు సంచుల్లోనే ఉన్నాయిగా. ముందు నడుం ఎత్తేదెవరన్నదే బాధ. ముందు లేచినామెని రేపు పిలవరు. కూలికెళ్లే మా అమ్మని అట్టా రెండుసార్లు పిలవలా."

పోయినేడు అలా ఒకామెని నేనూ పిలవలేదు.

"నాతో చెప్పొచ్చుగా?"

"నీకు చెబితే నువ్వు సిగ్గుపడాలి. వాళ్లకి చెబితే వాళ్లు గొడవపడాలి. బండి చెబితే ఎవరికీ ఏం లేదు."

"అంటే ఈ సీటు, ఈ కాళ్లు చాపుకోవడం, ఇదంతా ఉత్తదా?"

"ఛ, ఊరుకో. సగం ఆళ్ల కోసం. సగం సీటు కోసం."

మబ్బు చేను మీదికి దిగుతోంది. నేను బండి దిగి షెడ్డు దగ్గరికి నడిచాను, గడియారం దించి ముళ్లు సరిచేసి మళ్లీ తగిలించాను. పద్నాలుగు మందీ చూస్తున్నారు. సిగ్గుతో చెవులు మండాయి, పచ్చికారం పూసినట్టు.

"అమ్మా రెబ్కా, రేపు వాన. ఎకరం కాయ చెట్టు మీదుంది. ఇంకో గంట చేస్తారా? గంటకి కూలి విడిగా ఇస్తా. చేయలేనివాళ్లు వెళ్లిపోవచ్చు, మళ్లీ కోతకి వాళ్లనీ పిలుస్తా."

రెబ్కా మిగతావాళ్ల వంక చూసింది, వాళ్లు ఆమె వంక చూశారు. "అడిగితే చెయ్యమా యలమందయ్యగారూ? ఇన్నేళ్లలో మీరు అడిగింది ఇయ్యాలేగా" అంది. తర్వాత జయరావు వైపు తిరిగి, "అయితే మాస్టారూ, ఆరింటికి మళ్లీ కొట్టాల. గడియారాన్ని మాత్రం మేం నమ్మం" అంది.

పద్నాలుగు మందీ చేలోకి దిగారు. వాళ్లతో పాటు అన్వరూ, నేనూ దిగాం. మాస్టారు మాత్రం దిగలేదు. ఎడ్లు విప్పేసిన బండి మీద, తన సీట్లో కాళ్లు చాపుకుని కూర్చుని, ఆరింటికి టంచనుగా ఇంజను కొట్టాడు. మర్నాడు తెల్లారి వాన పడేసరికి కాయంతా కల్లంలో టార్పాలిన్ పట్టాల కింద ఉంది.

ఇప్పుడు ఆ బండికి నెలకోసారి పెట్రోలు నేను పోయిస్తున్నాను. గోడ గడియారానికి బ్యాటరీ వేయిస్తున్నాననుకుంటాను. మొన్న వాడు మూడు నిమిషాలు ఆలస్యంగా వస్తే నేనే డొంక దాకా ఎదురెళ్లి నిలదీశాను. లిడియా విని పడీ పడీ నవ్వింది. ఎడ్లు మాత్రం వాడు కనబడితే ఇప్పటికీ రెండడుగులు వెనక్కి వేస్తాయి.

పోయిన ఆదివారం దర్శి నుంచి మా బావమరిది వచ్చాడు. చర్చి ముందు నిలబెట్టిన ఎర్ర బండిని చుట్టూ తిరిగి చూసి, అందరూ అడిగేదే అడిగాడు.

"మైలేజీ ఎంతిస్తుంది మాస్టారూ?"

జయరావు నోరు తెరిచేలోపే నేను చెప్పేశాను.

"లీటరుకి పద్నాలుగు మందిని ఇంటికి చేరుస్తుంది."