శత్రువు లేకుండా ఓడిన యుద్ధం

నేనొకసారి యుద్ధం చేశాను. నవ్వకండి, అవతల శత్రువన్నవాడే లేకుండా ఓడిపోయాను కూడా.

అప్పటికి నరసరావుపేటలో పెళ్ళి వీడియోలు తీసి తీసి, సన్నాయి వినబడితేనే నాకు జ్వరం వచ్చేది. మా వీధిలో ఖాసిం తాత ఉండేవాడు. మిలిటరీలో ఫొటోగ్రాఫరుగా చేసి రిటైరయ్యాడు. పక్కవాళ్ళు తుపాకీ గురిపెడుతుంటే ఈయన కెమెరా గురిపెట్టేవాడట! ఆయన మీద చిన్న డాక్యుమెంటరీ తీసి, టౌన్‌హాల్లో జరిగే పోటీకి పంపి, గొప్ప దర్శకుణ్ణయిపోదామని నా పథకం.

"తాతా, నువ్వు తీసిన యుద్ధం ఫొటోలియ్యి."

"అయి నాయి కాదురా, మిలిటరీవి. నా కాడ మీ నాయనమ్మవి, అదే మా ఇంటిదాని ఫొటోలే ఉన్నయ్."

యుద్ధం లేని సైనికుడి సినిమా అంటే కారం లేని గోంగూర పచ్చడే కదా! అందుకని యుద్ధాన్ని నేనే వండుదామనుకున్నాను. నాదెండ్ల పక్కన, మిరపకోత అయిపోయిన ఒక చేలోకి తాతను తీసుకెళ్ళాను. నలుగురు మిత్రుల మొహాలకు మసి పూసి, చేతికి కర్రలిచ్చి, దీపావళికి మిగిలిన బాంబులన్నీ వరుసగా పేర్చాను.

"ఊళ్ళో ఒక మాట చెప్పొస్తే మంచిదేమోరా," అన్నాడు తాత.

"డైరెక్షన్ నాకొదిలెయ్ తాతా."

బాంబులు పేలాయి. వేరే చోట బాంబు పేలితే "ఏం పండగ?" అని అడుగుతారు. మా పల్నాడులో "ఎవరి మనుషులు?" అని అడుగుతారు. ఊళ్ళో తలుపులు టపటపా మూసుకున్నాయి. మరుక్షణం అవే తలుపులు తెరుచుకుని కర్రలతో జనం బయటికొచ్చారు. అందరికన్నా ముందు కొడవలితో ఒక పెద్దావిడ. చేను ఆవిడదే.

"ఒరేయ్, ఎవుర్రా మీరు? ఏందిరా ఆ బాంబులు?"

సరైన మాట ఒక్కటి చెబితే చాలు, అందరం గట్టెక్కేవాళ్ళం. నేను చెప్పిన మాట వినండి.

"షూటింగ్ పెద్దమ్మా! షూటింగ్!"

ఆవిడ వెనక్కి తిరిగి ఒకటే కేక: "తుపాకులు గూడా తెచ్చారంటరోయ్!"

జనం రెట్టింపయ్యారు. నా సైన్యం నాలుగు దిక్కులకూ పారిపోయింది. నేను ఐదో దిక్కు వెతుక్కుని పక్కనున్న కాలవలోకి దూకాను. అందులో నీళ్ళు లేవు, మోకాలిలోతు బురద!

కదలకుండా నిలబడ్డవాడు తాత ఒక్కడే. నేను వదిలేసిన కెమెరా అందుకుని, చెయ్యి వణక్కుండా అంతా తీస్తున్నాడు. పెద్దావిడ ఆయన ముందుకొచ్చి ఆగింది.

"నీకు బయం లేదా ముసలోడా?"

"చానా ఉంది తల్లీ. ఇందులోంచి చూస్తుంటే ఆ సంగతి చేతులకి తెలవదు."

"మరి ఆ బురదలో దూకినోడెవుడు?"

"మా కమాండరు."

ఆవిడ కెమెరా వంకా, నా వంకా చూసి, ఇది సినిమా గోలని అర్థమై పకపకా నవ్వింది. ఊరంతా అందుకుంది. నన్ను చెవి పట్టి పైకి లాగి, చెంబెడు మజ్జిగ తాగించి, ఆ తర్వాత తీరిగ్గా తిట్టింది. ముందు మజ్జిగ, వెనక తిట్లు, అదీ మా వైపు మర్యాద.

పోటీలో నేను తీసినదాంట్లో అంతా పొగే కనిపించింది. తాత తీసిన ముక్క రాగానే టౌన్‌హాలు చప్పట్లతో అదిరిపోయింది. ఆయనకు ఉత్తమ ఛాయాగ్రాహకుడి బహుమతి ఇచ్చారు. ఇంతలో న్యాయనిర్ణేత మైకు అందుకుని, "కాలవలో దూకిన ఆ కుర్రాడెవరు? ఎంత సహజ నటన!" అని, నన్ను ఉత్తమ హాస్యనటుడిగా ప్రకటించి, చేతిలో కప్పు పెట్టాడు.

చూడ్డానికొచ్చిన పెద్దావిడ ముందు వరసలోంచి లేచింది.

"నటన కాదయ్యా, నిజంగానే దూకాడు! నేను సాచ్చికం!"

ఆ కప్పు పట్టుకుని కోటప్పకొండ వైపు తిరిగి దణ్ణం పెట్టాను. త్రికోటేశ్వరా, నీ మీద ఒట్టు! ఇకముందు ఈ గడ్డ మీద పిల్లికూన ఫొటో తీసినా సరే, ముందు ఆ ఊరి పెద్దమ్మ అనుమతి తీసుకుంటాను. దూకక తప్పదంటే మాత్రం, కాలవలో నీళ్ళున్నాయో లేదో చూసి మరీ దూకుతాను.