కాలు లేసిందా అన్నా

ఆదోనిలో మా కొట్టుకు చీరలు నేసిచ్చే ఎమ్మిగనూరు మగ్గమాయన కూతురు నడక పందేల్లో పోటీ చేసేది. ఆ పందెంలో రెండు పాదాలూ ఒకేసారి నేల విడిస్తే తప్పు. జడ్జీలు ఎర్ర కార్డు రాస్తారు. మూడు పడితే బయటికే. పోటీల కాలమంతా ఆదివారం ఉదయాలు ఆమె సాధన చేస్తుంటే నేను స్కూటరు మీద పక్కనే పోయేవాణ్ని. ఫర్లాంగుకోసారి బెదురుగా అడిగేది.

"అన్నా, కాలు లేసిందా?"

రంగు పోదని ఒట్టేసి చీరలమ్మే నోరు నాది. లేచినా సరే, బెదిరిపోతుందని, "లేయలేదు, పోమ్మా" అనేవాణ్ని.

రాష్ట్ర పోటీల్లో ఆఖరి చుట్టుకు ఆమె మూడో స్థానంలో ఉంది. అప్పటికే రెండు కార్డులు పడ్డాయి. కంచె పక్కనున్న నన్ను చూసి మళ్లీ అదే అడిగింది. పాదాలు గాల్లో తేలుతున్నాయి.

"లేస్తాంది! నిదానంగా పోమ్మా!" అని అరిచాను.

ఆమె వేగం తగ్గించింది. ఇద్దరు దాటిపోయారు. మూడో కార్డు పడకుండానే ఐదో స్థానంలో ముగించి, రొప్పుతూ నా దగ్గరికొచ్చింది. పతకం ఊసెత్తలేదు. కళ్లలో బెదురు మాత్రం రెట్టింపైంది.

"అయితే ఇన్ని దినాలూ లేస్తానే ఉండెనా అన్నా?"