పత్తి చెక్క తిన్న బర్రె పాలు

2005 వానాకాలంలో నన్ను బోధన్ దగ్గరి ఒక మండలానికి వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్‌గా బదిలీ చేశారు. వినడానికి పెద్దగా ఉన్నా పశువైద్య శాఖలో అది డాక్టరు ఉద్యోగానికి మొదటి మెట్టు. పై అధికారి నిజామాబాద్‌లో ఉండేవాడు, మందులు దారిలో ఉండేవి, బర్రెలు మాత్రం ఎప్పుడూ నా గుమ్మం ముందే ఉండేవి.

అప్పట్లో పత్రికల నిండా బీటీ పత్తి గొడవే. కాయ తొలిచే పురుగును చంపే గుణాన్ని ఒక సూక్ష్మజీవి నుంచి తెచ్చి విత్తనంలో పెట్టారు. మాది చెరుకు, వరి పండే నేల. అయినా గొడవ బస్తాలకెక్కి మా దగ్గరికి వచ్చింది. పత్తిగింజల నుంచి నూనె తీయగా మిగిలిన చెక్క పాడి బర్రెకు మంచి దాణా మరి.

సాయవ్వకు రెండు బర్రెలు. భర్త పోయినప్పటి నుంచి ఇల్లు ఆ పాల మీదే నడుస్తోంది. పాలు ఎక్కువగా ఆడపిల్లల హాస్టల్‌కే పోసేది. బీటీ గింజల చెక్క తిన్న బర్రె పాలు పిల్లలకు వద్దని వార్డెన్ సుశీల టీచర్ ఒకనాడు ఉన్నట్టుండి అన్నది. అది చూసి వాడకట్టులో వాళ్లూ గిన్నెలు పట్టుకురావడం మానేశారు.

సాయవ్వ నా దగ్గరికి వచ్చింది. "డాక్టరమ్మా, పాలు మంచియే అని ఒక కాయిదం రాసియ్యి. గామె నన్ను ఇసం పోసెటోళ్లను సూసినట్టు సూస్తున్నది."

వాదన దొరికితే నేను అన్నం కూడా వాయిదా వేస్తాను. నేరుగా హాస్టల్‌కు పోయాను. బీటీ గింజలోని ఆ ప్రోటీన్ పశువు కడుపులో అరిగిపోతుందని, పాలలో దాని జాడ దొరకలేదని పరీక్షలు చెబుతున్నాయని వివరించాను. తరాల తరబడి తింటే ఏమవుతుందో ఇప్పుడే చెప్పలేమని కూడా ఒప్పుకున్నాను. టీచర్ బియ్యం చెరుగుతూనే అంతా విన్నది.

"పురుగు సచ్చే గింజ మనిషికేం చెయ్యదంటున్నరు. సరే. గని సాయవ్వ ఏస్తున్న చెక్కను మీరు సూసిండ్రా?"

చూడలేదన్నాను.

"ముందుగాల గది సూడుండ్రి. అటెన్క నాతోని కొట్లాడుండ్రి."

ఒకరు చెబితే చేసే అలవాటు నాకు లేదు. ఆ రోజు చేశాను, ఆమె తప్పని రుజువు చేద్దామని.

సాయవ్వ కొట్టంలో బస్తాలు తడిగోడకు ఆనించి నేల మీదే ఉన్నాయి. మూతి విప్పితే ముక్కవాసన. చెక్క పచ్చటి బూజుతో గడ్డలు కట్టింది. ఆ ప్రాంతంలో అందరి పద్ధతీ ఒకటే: బూజు పడితే ఎండబెట్టి, దులిపి, కుడితిలో నానబెడతారు. పారేస్తే పాపమంటారు. కానీ బూజు విడిచిన విషం ఎండకు పోదు, దులిపితే రాలదు. బర్రె తింటే పాలలోకి దిగుతుంది. విత్తనం బీటీదైనా, నాటుదైనా బూజుకు తేడా లేదు.

బస్తాల పైనుంచి, నడుమ నుంచి, అడుగు నుంచి తీసి కలిపి, సీలు వేసి, పాల నమూనాతో పాటు హైదరాబాద్ ప్రయోగశాలకు పంపాను. చెక్క ఆపి పచ్చగడ్డి, తవుడు వేయమన్నాను. ఫలితం వచ్చేదాకా పాలు ఎవరికీ పోయవద్దన్నాను.

"కాయిదం అడుగుతే పాలే బంద్ వెడ్తివి. నీ సదువు పాడుగాను" అన్నది సాయవ్వ. తిడుతూనే బస్తాలను గోతిలో పూడ్చింది.

రెండు నమూనాల్లోనూ బూజు విషం ఉన్నట్టు రిపోర్టు వచ్చింది. దాణా మార్చాక మళ్లీ పంపిన పాలు శుభ్రంగా ఉన్నాయి. అప్పుడు రాశాను కాయితం, పరీక్షించిన దాని గురించే. టీచర్ దాన్ని చదివి, మర్నాటి నుంచి పాలు పంపమన్నది.

"మరి బీటీ సంగతి?" అన్నాను.

"గది గీ కాయిదంల రాయలే కదా. నేను అడుగుతనే ఉంట."

అడిగింది కూడా, నేను బదిలీ అయ్యేదాకా. ఆ విషయంలో మేమిద్దరం ఎన్నడూ ఒక మాట మీదికి రాలేదు. సాయవ్వ మాత్రం కొత్త చెక్క బస్తాలను ఎత్తయిన బల్ల మీద పెట్టడం మొదలుపెట్టి, పక్కింటివాళ్ల చేత కూడా పెట్టించింది.

తిండి క్షేమమా కాదా అన్న ప్రశ్న విత్తనం దగ్గర మొదలై బస్తా దాకా, గిన్నె దాకా పోవాలని అక్కడ తెలిసింది. తర్వాత పాల మీద ఏ కాయితం రాసినా ముందు కొట్టంలోకి పోయి బస్తా మూతి విప్పేదాన్ని. నా మాటకు తలూపి ఊరుకోని సుశీల టీచర్ వల్ల అబ్బిన అలవాటది. ఆ రోజు ఆమె ఒప్పుకుని ఉంటే హాస్టల్ పిల్లలు ఆ పాలే తాగేవాళ్లు.