ఉత్తుత్తి రోగి సోములమ్మ

అరకులోయకు దగ్గర్లో ఒక ఆరోగ్య శిక్షణ కేంద్రం. అందులో సోములమ్మ పని చచ్చిపోవడం. పొట్ట మీద దిండు కట్టుకుని, పైన చీర కప్పుకుని మంచం మీద పడుకుంటుంది. నెలకో బ్యాచ్ చొప్పున వచ్చే హౌస్ సర్జన్లు, నర్సింగ్ విద్యార్థినులు ఆమెకు కాన్పు చేయాలి. అందరూ కలిసి పని చేయడం అలవడాలని డాక్టర్ తాతారావు 1983లో పెట్టిన పాఠం అది.

ఆమెకు ఆయన చెప్పింది ఒక్కటే. "నిజంగా నొప్పులొస్తే ఎలా ఉంటావో అలాగే ఉండు. రక్తం పోతోందన్న సంగతి డాక్టరు దాకా రాకపోతే కళ్లు మూసెయ్."

కొండ మీద ఆడవాళ్లు ఇలాంటి సంగతి మగవాడికి చెప్పరు. పక్కనున్న ఆడమనిషి చెవిలో వేస్తారు, ఆమె పైకి చెప్పాలి. సోములమ్మ కూడా నర్సు పిల్లకే చెప్పేది. ఆ పిల్లకేమో డాక్టరు అడిగితేనే నోరు విప్పడం అలవాటు. ఆయన అడగడు. పొట్ట తడిమి "బాగానే ఉంది" అంటాడు. సోములమ్మ కళ్లు మూసుకునేది.

ఆమె పెద్దకూతురు కాన్పులో నిజంగానే అలా పోయింది, దిగువనున్న ఒక ఆసుపత్రిలో. నర్సుతో చెప్పింది సోములమ్మే. మాట డాక్టరుకు చేరలేదు. ఇప్పుడు కోడలు కనకకు నెలలు దగ్గరపడ్డాయి. కొండ మీంచి ఈ పిల్లలే కాన్పులు చేసే కేంద్రం ఆసుపత్రికి దించాలా, ఇంట్లోనే కానివ్వాలా అన్నది అత్తే తేల్చాలి.

"ఈళ్లలో ఈళ్లు మాటాడుకుంటే దించుతాను," అని మొగుడు బుధుతో అనేసింది.

సాయంత్రం ఆమె ఇల్లు చేరేసరికి బుధు అరుగు మీంచే పలకరించేవాడు.

"ఇయాళ ఎన్నిమాట్లు సచ్చినావే?"

"రెండుమాట్లు."

"మరి అంబలి కాస్తావా, ఇంకా సచ్చే ఉన్నావా?"

"నువ్వే కాసుకో. సచ్చినోళ్ల సేత పని సేయిత్తావేటి?"

ఆ నెల బ్యాచ్‌లో సత్యకుమారి అనే నర్సు పిల్ల ఉంది. మొదటి రోజు చెవిలో మాట విని, తలూపి, డాక్టరు వెనక నిలబడిపోయింది. సోములమ్మ చచ్చిపోయింది. మర్నాడూ అంతే. తాతారావు మంచం దగ్గరికొచ్చి, "ఎందుకు పోయిందో మీలో ఒకరికి తెలుసు," అని వెళ్లిపోయాడు.

ఆ తర్వాతి రోజు సత్యకుమారి హౌస్ సర్జన్ మోచెయ్యి పట్టుకుంది.

"ఆగండి సార్. రక్తం పోతోందట. నాతో చెప్పింది."

"ఎప్పట్నుంచి? నువ్వే అడుగు," అని అతను పక్కకు జరిగాడు.

సోములమ్మ కళ్లు తెరిచే ఉంచింది. తర్వాత దిండు విప్పుకుంటూ అడిగింది.

"గుంటా, వచ్చే నెల మా కోడలికి పురుడు. నువ్వుంటావు కదే?"

"శనివారం పాసింజరుకి అందరం వెళ్లిపోతున్నామమ్మా."

సోములమ్మ తిన్నగా తాతారావు దగ్గరికెళ్లింది.

"ఈళ్లని ఉంచెయ్ బాబూ."

"నన్నే ఎన్నాళ్లుంచుతారో తెలీదు, సోములమ్మా," అన్నాడాయన కళ్లద్దాలు తుడుచుకుంటూ.

ఇంటి దగ్గర బుధు సంగతంతా విన్నాడు. "అయితే కనకని దించవా?"

"దించుతాను. కొత్తోళ్లొత్తారంట. ఇంకా నెలుంది కదా. ఆళ్లూ మాటాడుకునేదాకా ఆళ్ల కాడా సత్తాను."

సోమవారం మళ్లీ దిండు కట్టుకుని పడుకుంది. కొత్త నర్సు పిల్ల వంగితే చెవిలో చెప్పింది. ఆ పిల్ల తలూపి, డాక్టరు వీపు వంక చూసి ఊరుకుంది.

సోములమ్మ కళ్లు మూసుకుంది.